మొదటి స్పాన్సర్ మెయిల్

రేపల్లెలో రొయ్యల వేపుడు చేసి చూపించే ఇల్లాలికీ, బాపట్ల పొలం గట్టు మీద నిలబడి వరిలో దోమపోటు గురించి చెప్పే కుర్రాడికీ, తెనాలిలో హార్మోనియం ముందు కూర్చుని పాత నాటక పద్యాలు పాడి యూట్యూబ్‌లో పెట్టే పెద్దాయనకీ ఒక రోజు వస్తుంది. ఆ రోజు మెయిల్ తెరిస్తే ఇంగ్లీషులో ఒక ఉత్తరం కనిపిస్తుంది. మీ ఛానల్ చూశాం, మాకు బాగా నచ్చింది, మా కంపెనీ గురించి ఒక్క నిమిషం చెబితే ఇంత డబ్బు ఇస్తాం, ఒప్పందం వివరాలు ఇందులో ఉన్నాయి అంటూ కింద ఒక ఫైల్. ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లే "ఎందుకొచ్చిన వీడియోలు" అన్న పనిని ఎక్కడో ఎవరో గుర్తించారు. ఆ సంబరంలో ఫైల్ మీద వేలు పడుతుంది. ఖాతా పోయేది అక్కడే.

ఆన్‌లైన్ ఖాతాల భద్రత గురించి చెప్పేవాళ్లు సాధారణంగా పాస్‌వర్డ్‌తో మొదలుపెడతారు. పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, పుట్టినరోజు పెట్టకూడదు అంటారు. అవన్నీ అవసరమే. కానీ వీడియోలు చేసుకుని బతికేవాళ్ల ఖాతాలు పోయిన తీరు చూస్తే, దొంగ కన్ను పాస్‌వర్డ్ కన్నా ముందు ఆ సంబరం మీదే పడిందని నాకు అనిపిస్తుంది. చిన్న ఊళ్లో ఏళ్ల తరబడి ఒంటరిగా వీడియోలు చేసినవాడికి గుర్తింపు మీద ఎంత ఆకలి ఉంటుందో దొంగకు బాగా తెలుసు. ఆ ఆకలిని తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. అది లేనివాడు నాటకం ఆడడు, కథ రాయడు, కెమెరా ముందు నిలబడడు. దాన్ని అడ్డం పెట్టుకుని ఇల్లు దోచేవాడి గురించే నా బాధ.

ఇది నా ఊహ కాదు. 2021 అక్టోబరులో గూగుల్ భద్రతా విభాగం ఒక నివేదిక బయటపెట్టింది. 2019 చివరి నుంచి యూట్యూబ్ క్రియేటర్ల మీద సాగుతున్న దాడుల వివరాలు అందులో ఉన్నాయి. రష్యన్ భాష మాట్లాడే ఒక వేదికలో మనుషుల్ని కూలికి పెట్టుకుని నడిపిన వ్యాపారం అది. వాళ్లు పంపిన మెయిళ్లన్నీ స్పాన్సర్ ఉత్తరాలే. మా యాంటీవైరస్ గురించి చెప్పండి, మా వీపీఎన్ చూపించండి, మా ఫొటో ఎడిటర్, మా మ్యూజిక్ ప్లేయర్, మా ఆన్‌లైన్ గేమ్ అంటూ వచ్చేవి. ఆ దొంగలు వాడిన వెబ్‌సైట్ చిరునామాలే వెయ్యికి పైగా దొరికాయి. మెయిళ్లు పంపడానికి తెరిచిన ఖాతాలు దాదాపు 15,000. పోయిన ఖాతాల్లో 4,000 దాకా వెనక్కి తెప్పించామని గూగుల్ చెప్పింది. కొల్లగొట్టిన ఛానళ్లకు చీకటి బజారులో ధరలు కూడా ఉన్నాయి. చూసేవాళ్ల సంఖ్యను బట్టి ఒక్కో ఛానల్ 3 డాలర్ల నుంచి 4,000 డాలర్ల దాకా పలికింది. మూడు డాలర్లంటే మన లెక్కలో మూడు వందల రూపాయల లోపే. ఎవరో ఏళ్లు వెచ్చించి కట్టుకున్నదాన్ని మరొకరు మూడు డాలర్లకు అమ్మారని చదివినప్పుడు నాకు కోపం కన్నా దుఃఖమే ఎక్కువ కలిగింది.

ఫైల్ తెరవగానే ఏం జరుగుతుందో వివరంగా చెప్పుకోవాలి. మన వాళ్లలో చాలామందికి "నేను ఓటీపీ పెట్టుకున్నాను కదా" అనే ధీమా ఉంది. ఆ ధీమా సగమే నిజం. మనం ఒకసారి పాస్‌వర్డూ ఓటీపీ ఇచ్చి లోపలికి వెళ్లాక, ప్రతిసారీ అడగకుండా ఉండటానికి బ్రౌజర్ ఒక గుర్తు దాచుకుంటుంది. దాన్ని కుకీ అంటారు. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి బయటికి వెళ్లేవాడి చేతికి ఇచ్చే అవుట్ పాస్ లాంటిది ఇది. ఆ చీటీ ఎవరి చేతిలో ఉంటే గేటు దగ్గరివాడు వాణ్ణే లోపలికి పంపుతాడు, టికెట్ అడగడు. స్పాన్సర్ పంపిన ఫైల్లో ఉన్న దొంగ ప్రోగ్రాం కొద్ది క్షణాల్లో మన కంప్యూటర్లోని ఆ చీటీలన్నీ నకలు తీసి పంపేస్తుంది. కొన్నిసార్లు ఆ తర్వాత తనను తాను చెరిపేసుకుంటుంది కూడా. ఆపై దొంగకు పాస్‌వర్డ్‌తో పని లేదు, ఓటీపీ అతన్ని ఆపదు.

2023 మార్చిలో కెనడాకు చెందిన లైనస్ టెక్ టిప్స్ ఛానల్‌కి ఇదే జరిగింది. కంప్యూటర్ల గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పే ఛానల్ అది, అప్పటికి కోటిన్నర మంది సబ్‌స్క్రైబర్లు. వాళ్ల బృందంలో ఒకరు స్పాన్సర్ ఒప్పందం అనుకుని ఒక ఫైల్ తెరిచారు. చూస్తుండగానే ఛానల్ పేరు టెస్లాగా మారింది, ఇలాన్ మస్క్ పాత ప్రసంగం లైవ్‌లో నడిచింది, పక్కనే క్రిప్టో డబ్బు రెట్టింపు చేస్తామనే ప్రకటన. 2024 సెప్టెంబరులో మన దేశంలో బీర్‌బైసెప్స్ పేరుతో నడిచే రణ్‌వీర్ అల్లాబాదియా ఛానళ్లకూ టెస్లా పేరే పెట్టారు. అదే నెల 20న ఏకంగా సుప్రీంకోర్టు యూట్యూబ్ ఛానల్లోనే క్రిప్టో వీడియో కనిపించింది. రాజ్యాంగ ధర్మాసనం వాదనలు వినవలసిన చోట, రిపుల్ అనే కంపెనీ పేరు మీద నడుస్తున్న ప్రచారం. మన తెలుగు రాష్ట్రాలకు వస్తే 2022లో తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీల ట్విటర్ ఖాతాలు రెండూ కొన్ని నెలల తేడాతో హ్యాకర్ల చేతికి చిక్కాయి. 2024 జనవరిలో అప్పటి తెలంగాణ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ ఎక్స్ ఖాతా కూడా. ఇవన్నీ ఒకే దారిలో పోయాయని నేను అనను. ఖాతా పోగొట్టుకున్నవాళ్లను చూసి "ఆ మాత్రం తెలివి ఉండక్కర్లేదా" అని నవ్వేవాళ్ల కోసం ఈ పేర్లు చెబుతున్నాను.

పెద్దవాళ్లకూ మనకూ తేడా పోగొట్టుకోవడంలో లేదు, తిరిగి తెచ్చుకోవడంలో ఉంది. పార్టీకి సాంకేతిక విభాగం ఉంటుంది, కోర్టుకు ప్రభుత్వం ఉంటుంది, కోటిన్నర మంది ఉన్న ఛానల్‌కు యూట్యూబ్‌లో ఫోన్ ఎత్తే మనిషి ఉంటాడు. పన్నెండు వేల మంది చూసే రేపల్లె వంటల ఛానల్‌కు ఎవరున్నారు? ఆ ఇల్లాలికి తెలిసిన సాంకేతిక నిపుణుడు వీధి చివర సెల్ షాపు కుర్రాడే.

ఆ ఛానల్ తీసుకుని దొంగ ఏం చేసుకుంటాడని అడుగుతారు కొందరు. వేపుడు వీడియోలతో అతనికి పని లేదు. వాటిని తీసేస్తాడు, లేదా ఎవరికీ కనబడకుండా దాచేస్తాడు. అతనికి కావలసింది చూసేవాళ్లు. వరి తెగుళ్ల గురించి ఒక కుర్రాడు చెప్పిన మాట నమ్మి మందు కొట్టి పంట దక్కించుకున్న రైతు, అదే ఛానల్లో పెట్టుబడి ప్రకటన వస్తే దాన్నీ నమ్ముతాడు. 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న బాపట్ల చుట్టుపక్కల పొలం మాట చెప్పేవాడికి ఎంత విలువ ఉంటుందో చెప్పనక్కర్లేదు. దొంగ అమ్ముకునే సరుకు ఆ విలువే. అందుకే ఖాతా కాపాడుకోవడం క్రియేటర్ సొంత వ్యవహారమని నేను అనుకోను. తనను నమ్మినవాళ్లకు అతను పడ్డ బాకీ అది.

ఇక్కడ నాకు స్థానం నరసింహారావు గుర్తుకొస్తారు. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభ నాటకాల్లో స్త్రీ పాత్రలు వేసి, సత్యభామ అంటే స్థానం అనిపించుకున్న మనిషి. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన కొప్పు ముడిచి రంగం మీదికి వస్తే, ముందు వరుసలో కూర్చున్నవాడికి ఆ సత్యభామ బాపట్ల మగవాడని తెలుసు. తెలిసే నమ్మాడు, తెలిసే చప్పట్లు కొట్టాడు. నటుడికీ ప్రేక్షకుడికీ మధ్య ఒక ఒప్పందం ఉంది. ఖాతా దొంగిలించినవాడు వేసేదీ వేషమే, కానీ ఆ ఒప్పందం లేదు. మీ ముఖం, మీ పేరు, మీరు "నమస్తే అండీ" అనే తీరు అన్నీ తొడుక్కుని మీ ప్రేక్షకుల ముందుకు వస్తాడు, ఆ వేషం సంగతి వాళ్లకు తెలియదు. వేషానికీ మోసానికీ తేడా తెలిసిన నేల ఇది. ఆంధ్రా ప్యారిస్ అని తెనాలిని మురిపెంగా పిలుచుకునేది ఆ నాటకాల సంస్కారం వల్ల కూడా కదా.

ఆ నాటకాల లోకంలో మరో పద్ధతి కూడా ఉండేది. నాటకం కుదుర్చుకునే కాంట్రాక్టరు ఎదురుగా కూర్చుని మాట్లాడేవాడు. తాంబూలం ముట్టేది, కొంత బయానా చేతిలో పడేది. ఆ కాంట్రాక్టరు ఏ ఊరివాడు, ఇంతకుముందు ఎవరికి ఎగ్గొట్టాడు, ఎవరికి పూర్తిగా ఇచ్చాడు అని విచారించుకున్నాకే హార్మోనిస్టు రైలెక్కేవాడు. ఇప్పుడు ఏ దేశంవాడో తెలియని కాంట్రాక్టరు మెయిల్ పంపితే, విచారించడానికి తెనాలి సెంటర్లో ఎవరూ లేరు. ఆ విచారణ మనమే చేసుకోవాలి. అది కష్టమేమీ కాదు. మెయిల్లో ఇచ్చిన నంబరుకి కాకుండా, ఆ కంపెనీ అసలు వెబ్‌సైట్ మనమే వెతికి, అక్కడున్న నంబరుకి ఫోన్ చేసి మీ పేరుతో ఈ ఉత్తరం వచ్చింది నిజమేనా అని అడగాలి. పంపినవాడి చిరునామాలో @ గుర్తు తర్వాత కంపెనీ పేరు ఉందా, లేక ఒక అక్షరం తేడాతో ఇంకేదైనా ఉందా చూడాలి. నిజమైన కంపెనీ అయితే ఒప్పందం మెయిల్లోనే రాసి పంపమంటే పంపుతుంది. జిప్ ఫైల్ తెరవాలి, దానికి పాస్‌వర్డ్ కొట్టాలి, ముందు యాంటీవైరస్ ఆపాలి అన్నాడంటే అతను దొంగ. ఫైల్‌కి పాస్‌వర్డ్ పెట్టేది మన రహస్యం కాపాడటానికి కాదు, యాంటీవైరస్ లోపలికి తొంగి చూడకుండా. పీడీఎఫ్ బొమ్మ కనిపిస్తూ పేరు చివర ఈఎక్స్ఈ అనో ఎస్‌సీఆర్ అనో ఉంటే అది కాగితం కాదు, ప్రోగ్రాం.

ఫోన్ మీదే వీడియో తీసి, ఫోన్లోనే కత్తిరించి, ఫోన్ నుంచే ఎక్కించేవాళ్లు మన జిల్లాల్లో ఎక్కువ. వాళ్ల దగ్గరికి దొంగ భయం రూపంలో వస్తాడు. మీ పేజీ మీద కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, 24 గంటల్లో తీసేస్తాం, అభ్యంతరం ఉంటే ఇక్కడ నొక్కండి అని ఫేస్‌బుక్ నడిపే మెటా పేరుతో, నీలి టిక్కు బొమ్మతో ఒక సందేశం. నొక్కితే అసలు ఫేస్‌బుక్ లాగే ఉండే దొంగ పేజీ. అక్కడ పాస్‌వర్డ్ కొడితే వాడికి చేరుతుంది, తర్వాత వచ్చిన ఓటీపీ కొడితే అదీ చేరుతుంది. సంబరమైనా భయమైనా చేసే పని ఒక్కటే, తొందరపెట్టడం. ఇలాంటి సందేశం వస్తే దాన్ని అలాగే వదిలేసి, యాప్ విడిగా తెరిచి చూసుకుంటే చాలు. ఫిర్యాదు నిజమైతే అది లోపల కూడా కనిపిస్తుంది.

వాటర్‌మార్క్ రాకుండా ఉండటానికి టెలిగ్రామ్‌లో దొరికే ఎడిటింగ్ యాప్ 'మోడ్'లు, కంప్యూటర్లో వేసుకునే 'క్రాక్' సాఫ్ట్‌వేర్లు మరో పెద్ద దారి. వీటి గురించి కఠినంగా మాట్లాడాలని ఉన్నా, నెలకు వేలు కట్టి అసలుది కొనలేని కుర్రాళ్ల పరిస్థితి నాకు తెలుసు. వాళ్లకు చెప్పేది ఒకటే. ఉచితంగా, న్యాయంగా దొరికే డావిన్చి రిజాల్వ్ లాంటి ఎడిటర్లు ఉన్నాయి, వాటిని నేర్చుకోండి. క్రాక్ తయారుచేసినవాడు మీ మీద జాలితో చేయలేదు.

కానీ మన ఊళ్లలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది హ్యాకర్‌తో సంబంధం లేని ఒక సంగతి. చాలా ఛానళ్ల పునాది జీమెయిల్ ఎవరు తెరిచారో అడిగి చూడండి. ఫోన్ కొన్న రోజు షాపు కుర్రాడు తెరిచి పెట్టి ఉంటాడు. పాస్‌వర్డ్ అతను పెట్టిందే, ఖాతా చేజారితే తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చే రికవరీ నంబరు కూడా ఒక్కోసారి అతనిదే. ఆ కుర్రాడు మంచివాడే కావచ్చు, దుబాయ్ వెళ్లి ఉండొచ్చు, షాపు మూసేసి ఉండొచ్చు. లేదా రికవరీ నంబరు చనిపోయిన తండ్రి పేరు మీద ఉన్న పాత సిమ్. తొంభై రోజులు వాడకపోతే ఆ నంబరు రద్దయ్యే అవకాశం ఉంది, కొంతకాలానికి మరొకరికి వెళ్లిపోతుంది. అప్పుడు మీ ఇంటి తాళం ముక్కూ ముఖం తెలియని మనిషి జేబులో ఉన్నట్టు. మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకునే వెసులుబాటు 2021లో టెలికాం శాఖ ముందుగా మన ఆంధ్ర, తెలంగాణ వాళ్లకే ఇచ్చింది. ఇప్పుడది ఆ శాఖ సంచార్ సాథీ వెబ్‌సైట్లో దేశమంతటికీ ఉంది. ఆ వెసులుబాటు వాడుకున్నవాళ్లు మాత్రం నాకు అరుదుగానే తగులుతారు.

పాస్‌వర్డ్ పంచుకోవడం కూడా ఇలాంటిదే. ఎడిటింగ్ చేసేవాడికి, థంబ్‌నెయిల్ చేసేవాడికి, మేనల్లుడికి అందరికీ అదే పాస్‌వర్డ్. యూట్యూబ్ స్టూడియోలో 'పర్మిషన్స్' అనే చోట ఒక్కొక్కరికీ విడిగా మేనేజర్ అనో, ఎడిటర్ అనో, చూసే హక్కు మాత్రమే అనో ఇవ్వవచ్చు. అతను తన జీమెయిల్‌తోనే పని చేస్తాడు, పని అయిపోయాక తీసేయవచ్చు. మనవాళ్లకు అడగడానికి మొహమాటం, "నన్ను నమ్మలేదా మామయ్యా" అంటాడేమోనని. నమ్మకం ఉన్నా ఇలా చేయడమే మంచిది. మేనల్లుడి లాప్‌టాప్‌లోకి దొంగ ప్రోగ్రాం వస్తే, అతను ఎంత మంచివాడైనా మీ ఖాతా పోతుంది.

తాళం గట్టిగా వేయడం కూడా అవసరమే. డబ్బు సంపాదించే యూట్యూబ్ ఛానళ్లకు రెండంచెల తనిఖీని 2021 నవంబరు 1 నుంచి తప్పనిసరి చేశారు. దానికి ఎస్సెమ్మెస్ కన్నా ఆథెంటికేటర్ యాప్ మేలు, అంతకన్నా పాస్‌కీ మేలు. 2023 మే నుంచి గూగుల్ ఖాతాలకు అది వచ్చింది. వేలిముద్రతో తెరుచుకునే ఆ పాస్‌కీ అసలు వెబ్‌సైట్ చిరునామాకే కట్టుబడి ఉంటుంది. దొంగ పేజీ ఎంత అచ్చుగుద్దినట్టున్నా దాని ముందు పనిచేయదు. కుకీ దొంగిలించేవాణ్ణి మాత్రం ఇది కూడా ఆపలేదు. ఛానల్ జీమెయిల్ ఒకటి, బయటివాళ్లకు ఇచ్చే వ్యాపార మెయిల్ మరొకటి పెట్టుకుని, ఆ రెండోదాన్ని ఛానల్ తెరవని వేరే ఫోన్లో చూసుకోవడమే దానికి మందు.

అయినా ఒక రోజు తెల్లారేసరికి ఛానల్ పేరు మారి ఉందనుకోండి. కూలబడిపోవద్దు. ఫైల్ తెరిచిన కంప్యూటర్ని నెట్ నుంచి తీసేసి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ కొట్టాలి. అప్పుడు దొంగ దగ్గరున్న చీటీ చెల్లదు. లోపలికే వెళ్లలేకపోతే గూగుల్ రికవరీ పేజీకి రోజూ వాడే చోటి నుంచి, రోజూ వాడే ఫోన్ నుంచి వెళ్లాలి. దొంగ రికవరీ నంబరు మార్చేసినా, పాత నంబరు ఏడు రోజుల దాకా పనికొస్తుంది. ఆ ఏడు రోజులు బంగారం. ఎవరికైనా డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఒకరి పాస్‌వర్డ్‌ను మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ల దాకా జైలుకు పంపే నేరం. కంపెనీ ఫిర్యాదుల అధికారి పట్టించుకోకపోతే, 30 రోజుల్లోగా కేంద్రం 2023లో మొదలుపెట్టిన అప్పీలు కమిటీకి ఆన్‌లైన్లో రాసుకోవచ్చు. ఖాతా పోయిందని మీరు బాధపడుతూ పోస్టు పెట్టగానే "ఫలానా అన్న నాది తెప్పించాడు, అతనికి మెసేజ్ చేయండి" అని కింద రాసేవాళ్లు వస్తారు. వాళ్లకు ఒక్క రూపాయి కూడా పంపొద్దు. దెబ్బ తిన్నవాణ్ణి రెండోసారి కొట్టేవాళ్లు వాళ్లు.

తెనాలి పెద్దాయన పాడిన పద్యాల సంగతి నన్ను వదలదు. ఆ బాణీలు పాడేవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు, కొన్నిటికి ఆ ఛానల్ తప్ప మరో నకలు లేదు. దొంగ వాటిని చెరిపేస్తే నష్టపోయేది ఆయన ఒక్కడే కాదు. అలాంటి వీడియోలు హార్డ్ డిస్కులో ఒకసారి, మరో చోట ఇంకోసారి దాచే పని ఆయన మనవలు, శిష్యులు చేయాలి.

చూసేవాళ్లకూ ఒక మాట. మీకు తెలిసిన ఛానల్లో ఉన్నట్టుండి క్రిప్టో లైవ్ కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి నవ్వుకుంటూ గ్రూపుల్లో పంచకండి. రిపోర్ట్ కొట్టి, ఆ మనిషికి ఫోన్ చేసి చెప్పండి. వీడియోలు చేసే తమ్ముళ్లూ, అక్కచెల్లెళ్లూ, పెద్దలూ, ఇవాళ ఎక్కించాల్సిన వీడియో రేపటికి ఆగినా నష్టం లేదు. ఆ సమయంలో మీ ఖాతా రికవరీ నంబరు ఎవరిదో ఒకసారి తెరిచి చూడండి. మీది కాకపోతే ఈ రాత్రే మార్చండి.